బాలింత దిగులుకు పూల చుక్కలు చాలవు

సంపాదకులు గారికి,

నమస్కారం. దిగులు, భయం, కోపం, నిద్రపట్టకపోవడం వంటి మనోబాధలకు పూల సారంతో తయారుచేసే చుక్కల మందులు ఎంతో మేలు చేస్తాయని వివరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పరీక్షల బెంగ పట్టుకున్న పిల్లల దగ్గర నుంచి బాలింతల వరకు ఎవరైనా నిర్భయంగా వాడుకోవచ్చనీ, దుష్ఫలితాలు బొత్తిగా ఉండవనీ అందులో రాశారు. నేను 31 ఏళ్లు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆ చుక్కలను స్వయంగా ఐదు నెలలు వాడాను. ఆ తరువాత వాటిని నమ్ముకుని మా ఇంటి కోడలు ఒకామె ప్రాణాపాయం దాకా వెళ్లిరావడం కళ్లారా చూశాను. మీ వ్యాసం చదివిన ఇళ్లలో ఏ ఒక్క బాలింత అయినా అటువంటి స్థితిలో ఉండి ఉంటే, ఆ ఇంటివారికి ఈ ఉత్తరం చేరాలన్న తాపత్రయంతో కాస్త వివరంగా రాస్తున్నాను, స్థలం కేటాయించగలరు.

మన ఊళ్లలో ఈ చుక్కలు హోమియో మందుల దుకాణాల్లోనే దొరుకుతాయి కాబట్టి చాలామంది వీటిని హోమియోపతిలో భాగమనే అనుకుంటారు. కొందరు పూల అత్తరులాగా వాసన చూసే వైద్యం అనుకుంటారు. నిజానికి ఇది విడిగా పుట్టిన పద్ధతి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర మోజ్లీలో 1886లో పుట్టిన ఎడ్వర్డ్ బ్యాచ్ అనే డాక్టరు దీనికి మూలపురుషుడు, అందుకే మనవాళ్లు వీటిని బ్యాచ్ ఫ్లవర్ మందులంటారు. ఆయన లండన్‌లో వైద్యం చదివి, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి, 1919 నుంచి అక్కడి హోమియోపతి ఆస్పత్రిలో పనిచేశారు. జబ్బు కన్నా జబ్బుపడిన మనిషి స్వభావాన్నే ముందుగా చూడాలన్న ఆలోచన ఆయనలో నానాటికీ బలపడింది. 1928లో వేల్స్‌లోని క్రిక్‌హవెల్ దగ్గర ఏటి ఒడ్డున పూసిన పూలతో తొలి మందులు చేసుకున్నారు. 1930లో లండన్‌లో బాగా సాగుతున్న వైద్యాన్ని వదిలేసి పల్లెబాట పట్టారు. 1934 నుంచి బ్రైట్‌వెల్ కమ్ సాట్‌వెల్ అనే గ్రామంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఇంట్లో ఉండి మిగిలిన మందులను పూర్తి చేసి, 1936 నవంబరులో 50 ఏళ్లకే కన్నుమూశారు. మొత్తం 38 మందుల్లో 37 మొక్కల నుంచి, చెట్ల నుంచి వచ్చినవి. మిగిలిన ఒక్కటీ రాతి ఊట నుంచి పట్టిన నీరు, అందులో పువ్వే ఉండదు. ఎంతో నిజాయితీ గల మనిషి ఆయన. తయారీ పద్ధతిని దాచుకోకుండా, ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగేలా అచ్చువేసి లోకానికి ఇచ్చేశారు.

ఆ తయారీ చూడటానికి కూడా అందంగానే ఉంటుంది. పల్చటి గాజు గిన్నెలో ఊటనీరు పోసి, నీటి పైభాగమంతా కప్పేలా పూలు పరచి, మబ్బు లేని రోజున మూడు గంటలు ఎండలో ఉంచుతారు. కొయ్య చెట్ల పూలు, చిగురు కొమ్మలైతే అరగంట నీళ్లలో మరిగిస్తారు. పూలను తీసేసి, మిగిలిన నీటికి సమపాళ్లలో బ్రాందీ కలిపితే అది మదర్ టింక్చర్ అవుతుంది. దాని నుంచి 2 చుక్కలు తీసి 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేస్తే దుకాణంలో అమ్మే సీసా తయారవుతుంది. ఆ సీసా నుంచి మళ్లీ 2 చుక్కలు మరో 30 మిల్లీలీటర్ల నీటిలో వేసి, ఆ నీటిలోంచి 4 చుక్కల చొప్పున రోజుకు నాలుగుసార్లు నాలుక మీద వేసుకోవాలి. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన గుణించి చూస్తే, మన నాలుక మీద పడే చుక్కలో ఎండలో పెట్టిన ఆ పూల నీరు ఉండేది సుమారు 1,80,000 వంతుల్లో ఒక వంతు. ఆ కాస్తలో ఉండగల పూల పదార్థం రసాయన పరంగా చెప్పుకోదగ్గది కాదు. ఈ మందులు ఇచ్చేవారు కూడా ఇది రసాయన చర్య అని చెప్పరు, పువ్వులోని శక్తి నీటిలోకి దిగుతుందంటారు. ఆ శక్తిని తూచి, కొలిచి చూపే విధానమేదీ నేను చదివిన, చెప్పిన వృక్షశాస్త్రంలో లేదు. కనుక వాడిన మనుషులకు ఏం జరిగిందో జాగ్రత్తగా పరీక్షించి చూడటం ఒక్కటే దారి. ఆ పరీక్షల సంగతి కాసేపట్లో చెబుతాను.

మొక్కల టీచరునైనందుకు ఒక చిన్న మాట. బ్యాచ్ తొలి మందుల్లో ఒకటైన ఇంపేషన్స్‌కు పుట్టిల్లు హిమాలయాలు. తోటల అందం కోసం 1839లో ఇంగ్లండ్‌కు తీసుకువెళితే, అది అక్కడి ఏటి ఒడ్లన్నీ అల్లుకుపోయి, స్థానిక మొక్కలను ఎదగనివ్వని కలుపుగా మారింది. మన పెరళ్లలో వానాకాలం పూసే కాశీతుంబది కూడా అదే కుదురు. పండిన కాశీతుంబ కాయను వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, చిటుక్కున ఐదు తొక్కలుగా విచ్చి, తొక్కలన్నీ లోపలికి చుట్టలు చుట్టుకుని, గింజలను దూరంగా విసిరేస్తుంది. కాయ ఎంత పచ్చగా, నిండుగా కనబడినా లోపల బిగువుంటుందని పిల్లలకు చెప్పడానికి ఏటా తరగతి గదిలో ఆ కాయలు పంచేదాన్ని. తాకితే ఓర్చుకోలేని ఆ కాయను బట్టే ఆ మొక్కకు లాటిన్‌లో ఓర్పు లేనిదన్న పేరు వచ్చింది. బ్యాచ్ దాన్ని ఓర్పు లేని మనుషులకే ఇచ్చారు. మనం కాఫీ పొడిలో కలుపుకునే చికోరీని, తనవాళ్లు తన గుప్పిట్లోనే ఉండాలనుకునే ప్రేమకు ఇచ్చారు. నాకేమీ చేతకాదనుకునేవారికి లార్చ్, బాధ్యతల బరువుకు కుంగిపోయిన సమర్థులకు ఎల్మ్, బయటికి వెళ్లినవాళ్లకు ఏమైందోనని గుమ్మంలోనే నిలబడేవారికి రెడ్ చెస్ట్‌నట్, బాధను నవ్వు వెనక దాచుకునేవారికి అగ్రిమనీ. ఒకే ఆలోచన గానుగెద్దులా బుర్రలో తిరుగుతూ నిద్రపోనివ్వకపోతే వైట్ చెస్ట్‌నట్.

ఆ పట్టిక చదివినవాళ్లకు, తమ గుండెలో ఉన్నది ఎవరో చూసి రాసినట్టుంటుంది. నాకూ అలాగే అనిపించింది. 2016 కార్తీకమాసంలో మావారు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. పన్నెండో రోజు దాటి బంధువులంతా వెళ్లిపోయాక, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ కన్ను పడేది కాదు. మావారి స్నేహితులు, హోమియో వైద్యం చేసే పెద్దాయన ఒకరు ఒక సాయంత్రం పరామర్శకు వచ్చి గంటన్నర కూర్చున్నారు. అప్పటిదాకా వచ్చిన ప్రతివారూ ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లినవారే. ఆయన మాత్రం, "రోజు మొత్తంలో మీకు ఏ వేళ బాగా కష్టంగా ఉంటుందమ్మా?" అని అడిగారు. నేను ఆలోచించుకోవలసిన పనే లేకపోయింది. ఐదున్నరకు పాలు పొయ్యి మీద పెట్టి, అలమరలోంచి అలవాటుగా రెండు స్టీలు గ్లాసులు తీస్తాను, రెండోది మళ్లీ లోపల పెట్టేటప్పుడు చెయ్యి ఆడదు, అదీ నా కష్టం అని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఆ మాటను తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఆ రాసుకోవడం చూసి, మావారు పోయిన తరువాత మొదటిసారి మనసారా ఏడ్చాను. మర్నాడు గోధుమరంగు సీసా పంపించారు. ఆఘాతానికీ శోకానికీ స్టార్ ఆఫ్ బెత్లెహేమ్, గతంలోనే ఉండిపోయే మనసుకు హనీసకిల్, ఆలోచనల సుడికి వైట్ చెస్ట్‌నట్ కలిపారట. ఐదు నెలలు వాడాను. నెమ్మదిగా నిద్ర కుదిరింది, ఉదయం ఒక్క గ్లాసే తీయడం చేతనైంది.

ఆ సీసా వల్లనే కోలుకున్నానని అప్పట్లో గట్టిగా నమ్మాను, నలుగురికీ చెప్పాను. ఈరోజు వెనక్కి తిరిగి చూసుకుంటే, అడిగి తెలుసుకున్న మనిషి వల్ల, వారానికోసారి ఆయన వచ్చి మళ్లీ మళ్లీ ఓపికగా విన్నందువల్ల, రోజుకు నాలుగుసార్లు పని ఆపి ఒకచోట కూర్చున్నందువల్ల, గడిచిన కాలం వల్ల కుదుటపడ్డానని అనుకుంటున్నాను. భర్త పోయిన దుఃఖం జబ్బు కాదు, అది తగ్గవలసిన తీరులోనే తగ్గింది. ఆ పెద్దాయన నాకు చేసిన మేలు మాత్రం జీవితాంతం మరువను.

ఇక మా చెల్లెలి కోడలి సంగతి. ఆమె అనుమతితోనే, ఆమె చదివి సరేనన్న తరువాతే ఇది రాస్తున్నాను. కాకినాడ దగ్గర పుట్టింట్లో పురుడు వచ్చింది, మగపిల్లవాడు. మూడో వారం నుంచి ఆ పిల్ల మాట తగ్గిపోయింది. పిల్లవాడు ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకునేది, పక్కన పడుకోబెడితే ఒళ్లు బిగబట్టుకుని కదలకుండా ఉండేది, తిండి ఎందుకు తినడం లేదంటే రుచి తెలియడం లేదనేది. పురుడు పోసిన డాక్టరమ్మ రెండోసారి చూసినప్పుడే, మానసిక వైద్యులకు ఒకసారి చూపించమని చీటీ రాసి ఇచ్చారు. పచ్చి బాలింత, ఆ మందులు పాలలోకి దిగి బిడ్డకు చేటు చేస్తాయేమోనని వియ్యపురాలు భయపడ్డారు. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారంటే రేపు నలుగురూ ఏమంటారోనని మా చెల్లెలు భయపడింది. వాళ్లిద్దరూ ఫోన్ చేసి అడిగితే, పూల చుక్కలు ఇప్పించండి, నేను వాడాను, ఏ హానీ ఉండదని చెప్పింది నేనే. నా జీవితంలో నేను ఇచ్చిన సలహాలన్నిటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

వేరే ఊళ్లో ఈ చుక్కలు ఇచ్చే ఒకరిని ఎవరో చెబితే ఫోన్లో సంప్రదించారు. పది నిమిషాల్లో లక్షణాలు విని, ఆవ పువ్వుతో చేసిన మస్టర్డ్, ఆశ వదిలేసుకున్నవారికిచ్చే గోర్స్ కలిపి కొరియర్‌లో పంపించారు. ఇంగ్లీషు మందులు మొదలుపెడితే ఇవి పనిచేయవని కూడా చెప్పారట. మస్టర్డ్ గురించి పట్టికలో ఏముంటుందంటే, ఏ కారణమూ లేకుండా నల్లమబ్బులా దిగులు కమ్ముకొస్తుంది, మనిషికి సంతోషమంటే ఏమిటో గుర్తు రాదు, అది ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేడు అని. ఆ వాక్యాలను వియ్యపురాలికి నేనే చదివి వినిపించాను. "అచ్చం మా అమ్మాయిని చూసి రాసినట్టే ఉందండీ" అన్నారావిడ. నిజమే, అచ్చంగా అలాగే ఉంది. ఏ మానసిక వైద్యుణ్ని అడిగినా ఆ వాక్యాలు డిప్రెషన్ అనే జబ్బు లక్షణాలని చెబుతారు. బ్యాచ్ ఆ బాధను ఎంతో సరిగ్గా చూశారు, ఎంతో సరిగ్గా మాటల్లో పెట్టారు. ఆ మాటలు అంత సరిగ్గా అమరినందువల్లనే వాటి పక్కన రాసిన మందు కూడా సరైనదే అయి ఉంటుందని చదువుకున్న మేమంతా నమ్మేశాం. బాధకు పేరు పెట్టగలగడం వేరు, దాన్ని తగ్గించగలగడం వేరు అన్నది, అంతకాలం సైన్సు పాఠాలు చెప్పిన నాకే ఆ క్షణంలో తట్టలేదు.

అలా 11 వారాలు గడిచిపోయాయి. రోజుకు నాలుగుసార్లు నాలుగేసి చుక్కలు క్రమం తప్పకుండా వేశారు. నేను వెళ్లి చూసిన రాత్రి ఆ పిల్ల వసారాలో ఒంటరిగా కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుంటే చాలాసేపటికి, "పెద్దత్తయ్యా, నేను లేకపోతేనే వీడు బాగా పెరుగుతాడేమో" అంది. గొంతులో ఏడుపు లేదు, ఏదో లెక్క తేల్చి చెప్పినట్టు అంది. ఆ రాత్రి ఆమె చెయ్యి వదలకుండా కూర్చుని, తెల్లవారగానే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాం.

అక్కడ ముందుగా పది ప్రశ్నలున్న ఒక కాగితం మీద సమాధానాలు అడిగి తెలుసుకున్నారు. ప్రసవం తరువాత వచ్చే డిప్రెషన్‌ను గుర్తించడానికి స్కాట్లండ్‌లో తయారై 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళి అది. మొత్తం మార్కులు 30, ఎక్కువ వచ్చినకొద్దీ అనుమానం ఎక్కువ. ఎంత మార్కు వచ్చినా పదో ప్రశ్నను మాత్రం విడిగా చూస్తారు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడిగే ప్రశ్న అది. ఇన్ని వారాల్లో ఇంట్లో ఉన్న పెద్దవాళ్లం ఎవ్వరమూ ఆ ప్రశ్న అడగలేదు, ఫోన్లో మందు చెప్పినవారూ అడగలేదు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయని చెప్పి, బిడ్డ బరువు, ఆరోగ్యం కూడా చూసి డాక్టరు మందు రాశారు. వారానికోసారి కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. రాత్రి పూట బిడ్డను మరొకరు చూసుకుని తల్లిని కనీసం ఐదారు గంటలు ఏకధాటిగా నిద్రపోనివ్వమని మా చెల్లెలికీ వియ్యపురాలికీ గట్టిగా చెప్పారు. ఐదో వారంలో ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ పిల్ల "అమ్మా, చారులో ఉప్పు తగ్గింది" అంది. ఆ మాటకు వియ్యపురాలు గరిటె పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అన్నిరోజుల్లో తిండి రుచి గురించి ఆమె అన్న మొదటి మాట అది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. భారతదేశంలో 20,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన 38 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన సమీక్ష, మన దేశంలో ప్రసవానంతర డిప్రెషన్ సుమారు 22 శాతం మంది తల్లుల్లో కనిపిస్తోందని తేల్చింది. అంటే ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరు. పురిటి తరువాత మొదటి కొద్దిరోజుల్లో చాలామందికి ఊరికే ఏడుపు రావడం, చిరాకు సహజమే, అవి రెండు వారాల్లోపు వాటంతటవే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటినా దిగులు అలాగే ఉంటే, బిడ్డ మీద మనసు పోకపోతే, నిద్ర దొరికినా పట్టకపోతే డాక్టరుకు చూపించవలసిందే. బాలింతకు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో, పిల్లకు ఓపిక లేదనో సరిపెట్టుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఎన్నో ఉన్నాయి. అందుకే మీ వ్యాసంలో ఆ జాబితాలో బాలింత అన్న మాట చూడగానే నా గుండె ఝల్లుమంది.

పరీక్షల సంగతి చెబుతానన్నాను. పూల చుక్కలను, అదే రంగూ రుచీ గల వట్టి చుక్కలతో పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో తీసుకునేవారికీ ఇచ్చేవారికీ తెలియనివ్వకుండా చేసిన పరీక్షలు విదేశాల్లో కొన్ని జరిగాయి. జర్మనీలో పరీక్షలంటే భయపడే 61 మందితో చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. పూల చుక్కలు వేసుకున్నవారికి భయం తగ్గింది, వట్టి చుక్కలు వేసుకున్నవారికీ దాదాపు అంతే తగ్గింది. ఇజ్రాయెల్‌లో నిలకడ లేని, ధ్యాస కుదరని 40 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2005లో వచ్చింది, అక్కడా రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. అటువంటి అధ్యయనాలను ఏరి కూర్చి ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే వైద్య ఆచార్యుడు 2010లో ప్రచురించిన సమీక్ష, వట్టి చుక్కలతో పోల్చి చూసిన ఏ పరీక్షలోనూ పూల చుక్కలకు అదనపు ప్రభావం కనిపించలేదని తేల్చింది. వాడినవారికి ఉపశమనం కలగలేదని ఈ పరీక్షలు చెప్పడం లేదు, కలిగిందనే చెబుతున్నాయి. ఆ ఉపశమనం పువ్వు నుంచి రాలేదని మాత్రం స్పష్టంగా చెబుతున్నాయి. నా ఐదు నెలల అనుభవానికి నాకు దొరికిన అర్థవంతమైన వివరణ కూడా ఇదే.

మరి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, దానికి దారి చూపే మరో అధ్యయనం మన ఉపఖండంలోనే జరిగింది. పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గర పల్లెల్లో, గర్భిణులుగా ఉన్నప్పుడే డిప్రెషన్‌లో ఉన్న 903 మంది తల్లులను ఎంపిక చేశారు. సగం ఊళ్లలో, హైస్కూలు చదువు చదివిన మామూలు ఆరోగ్య కార్యకర్తలకు తల్లితో ఎలా మాట్లాడాలో, ఏమేమి అడగాలో, ఆమె ఆలోచనల్లోని చిక్కుముడిని ఆమె చేతే ఎలా విప్పించాలో కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపించారు. మిగతా సగం ఊళ్లలో కూడా కార్యకర్తలు అన్నేసిసార్లు వెళ్లారు గానీ ఆ శిక్షణ లేకుండా వెళ్లారు. బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి శిక్షణ లేని ఊళ్లలో 53 శాతం మంది తల్లులు ఇంకా డిప్రెషన్‌లోనే ఉంటే, శిక్షణ పొందినవారు మాట్లాడిన ఊళ్లలో అది 23 శాతానికి తగ్గింది. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. మా ఇంటికి వచ్చిన పెద్దాయన తనకు తెలియకుండానే చేసిన పని ఇదేనని నాకనిపిస్తుంది. ఆ వినడాన్ని నేర్చుకుని, ఒక పద్ధతిలో చేస్తే బాలింతల దిగులు సగానికి పైగా తగ్గింది. మన ఊళ్లలో ప్రతి గర్భిణి గడప తొక్కే ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎమ్‌లున్నారు. బరువు, రక్తం, టీకాలు రాసుకునే ఆ కాగితంలోనే ఆ పది ప్రశ్నలూ చేర్చి, వినడం నేర్పిస్తే ఎన్ని ఇళ్లు నిలబడతాయో ఆలోచించమని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలనూ మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

దుష్ఫలితాలు బొత్తిగా ఉండవన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆ సీసాల్లో ఎక్కువ భాగం బ్రాందీయో, మరో రకం ఆల్కహాలో ఉంటుంది. నాలుగు చుక్కల్లో అది మామూలు మనిషికి లెక్కలోది కాకపోవచ్చు. కానీ తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు వాడుతున్న మనిషికి, ఆల్కహాలు కలిసిన దగ్గు మందు కూడా ఇవ్వవద్దని డాక్టర్లు హెచ్చరిస్తారు, వాంతులు, గుండెదడ, ఊపిరాడకపోవడం వంటివి వచ్చే ప్రమాదం ఉంటుంది. తాగుడు మానేశాక వచ్చే ఆందోళనకే ఈ చుక్కలు వెతుక్కునే కుటుంబాలున్నాయి కనుక ఈ మాట తప్పనిసరిగా తెలియాలి. అన్నిటికన్నా పెద్ద దుష్ఫలితం కాలయాపన, అది సీసా మీది చీటీలో ఉండదు. మాకు పోయింది 11 వారాలు.

ఈ చుక్కలు ఇచ్చేవారిలో మంచి మనసున్నవారిని నేను స్వయంగా ఎరుగుదును, వారిని నొప్పించాలని ఈ ఉత్తరం రాయడం లేదు. అయితే మన దేశంలో ఆయుష్ పద్ధతుల్లో ఇది లేదు, దీన్ని వృత్తిగా చేసేవారిని నమోదు చేసే చట్టబద్ధమైన మండలి కూడా లేదు. కనుక ఎవరిని ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలన్న విచక్షణ పూర్తిగా ఇచ్చేవారి మనస్సాక్షి మీదే ఆధారపడి ఉంది. వారిని నేను కోరేది రెండే విషయాలు. డాక్టరు రాసిన మందు ఆపమని గానీ, మొదలుపెట్టవద్దని గానీ ఎవ్వరికీ చెప్పకండి. కారణం లేని దిగులు, చావు గురించిన మాట, బిడ్డ మీద విముఖత మీ చెవిన పడితే, సీసా ఇవ్వడానికి ముందే ఆ మనిషిని ఆస్పత్రికి పంపించండి. పరీక్షల ముందు కాస్త బెదురుకో, ఊరు మారిన దిగులుకో, నాలాగా రెండో గ్లాసు లోపల పెట్టలేని దుఃఖానికో ఎవరైనా ఈ చుక్కలు వేసుకుని ఓదార్పు పొందితే నాకు అభ్యంతరం లేదు. ఇచ్చేవారు ఆ గంటన్నర కూర్చుని వింటే మరీ మంచిది.

మానసిక వైద్యం అంటే మనవాళ్లకున్న భయం ఎంత లోతైనదో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆయా మానసిక రుగ్మతలున్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా ఏ చికిత్సా అందడం లేదని తేలింది. డాక్టర్ల కొరత ఒక కారణమైతే, గడప దాటనివ్వని సిగ్గు మరో కారణం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్య సేవలను పొందడం ప్రతి పౌరుడి హక్కు అని చెప్పింది. గడప దాటడానికి మొహమాటపడేవారి కోసం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సేవ మొదలైంది. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పుకోవలసిన అవసరం కూడా ఉండదు. మా కోడలిని చూపించిన తరువాతే ఆ నంబరు సంగతి మాకు తెలిసింది. ఆ వసారాలో కూర్చున్న రాత్రి తెలిసి ఉంటే తెల్లవారేదాకా అంత నిస్సహాయంగా ఉండేవాళ్లం కాదు.

పూల చుక్కల గురించి ఇకముందు మీ ఆరోగ్య పుటలో ఏ వ్యాసం వచ్చినా, ఇవి వట్టి చుక్కలకన్నా ఎక్కువ పనిచేస్తాయని పరీక్షల్లో రుజువు కాలేదన్న వాక్యాన్నీ, రెండు వారాలు దాటిన దిగులుకు డాక్టరును చూడమన్న వాక్యాన్నీ అదే వ్యాసంలో, అదే సైజు అక్షరాల్లో ప్రచురించమని కోరుతున్నాను. ఇప్పటికే ఆ వ్యాసాన్ని చదివి సీసా తెప్పించుకున్న ఇళ్లు ఉండే ఉంటాయి. వారి కోసం వచ్చే ఆదివారమే, అదే పుటలో, ఆ 14416 నంబరును బాలింతల పేరు పెట్టి అచ్చువేయండి.

భవదీయురాలు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం